గంగాళం మీది గీటు

మా ఊరి గంగమ్మ గుడిలో ఒక ఇత్తడి గంగాళం ఉంది. దాని లోపలి వైపు, మెడకు జానెడు కింద, ఉలితో గీసిన గీటు ఉంది. ఏటా వేసవిలో ఒక మంగళవారం ఊళ్లోని ఇళ్ల నుంచి అంబలి కుండలు వస్తాయి. అన్నీ అందులో పోస్తారు, పట్టనివి పంచేకొద్దీ పోస్తారు. అంబలి గీటు దాకా వస్తే కొయ్య గరిటె ముంచి ఊరందరికీ పోస్తారు. రాకపోతే గంగాళాన్ని అమ్మవారి ముందు బోర్లించాలి. ఒకసారి బోర్లిస్తే మళ్లీ ఎత్తకూడదు. ఆ ఊరికి ఆ ఆచారం ఆ ఏటితో సరి. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారి పక్క పల్లెల్లో అలా బోర్లించినవి రెండు చూశాను. ఒకదాని మీద దీపం నూనె సీసాలు పెట్టుకున్నారు.

కుండకు కూడా కట్టుబాట్లు ఉన్నాయి. రాగులు సొంత చేనివి కావాలి, లేదంటే పండించినవాళ్ల చేతి నుంచి అడిగి తెచ్చుకున్నవి కావాలి. అంగట్లో కొన్నవి పనికిరావు. పిండి ఇంటి విసుర్రాయి మీద, ఇంటివాళ్ల చేత్తో విసిరింది కావాలి. మిల్లు పిండి పనికిరాదు.

గీటు దాకా రావాలంటే ఎన్ని కుండలు కావాలని చిన్నప్పుడు పెద్దవాళ్లను అడిగాను. "నిండినప్పుడు తెలుస్తాది లేప్పా" అన్నారు. ఆ జవాబు నాకు చాల్లేదు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తర్వాత కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు కొలిచే పనిలో చేరాను. పొడవు, వెడల్పు, మందం తీసి, పగుళ్లకు పోయేది తీసేసి, ఘనపుటడుగులు చెప్పాలి. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఆ పనిలో చేరాక ఒక ఏడు గుడికి వెళ్లి గంగాళం చుట్టుకొలత, లోతు తీసి లెక్క వేశాను. నమ్మకం చాలక నీళ్లు పోసి కూడా చూశాను. మా ఊరికి కుండలన్నీ ఒకే కుమ్మరింటి నుంచి, ఒకే కొలతతో వచ్చేవి. ఎనిమిదిన్నర కుండలకు నీళ్లు గీటును తాకాయి. అర కుండ ఎవరూ తేరు కాబట్టి తొమ్మిది.

అప్పటి నుంచి ఏటా కుండలు లెక్క పెట్టాను. అంతకుముందుది నాకు గుర్తున్న ఒకే లెక్క, మా అమ్మ కొంగు పట్టుకొని నిలబడి వేళ్ల మీద వేసింది, నలభై ఒకటి. తొంభైల మొదట్లో ఇరవై మూడు. మా అమ్మ పోయిన ఏడు ఇరవై రెండు. తర్వాత ఊరంతా టమోటా వేయడం మొదలుపెట్టింది. మదనపల్లె మార్కెట్‌కు పోయే కాయ ముందు రాగి చేను ఎవరి కంటికీ ఆనలేదు. ఇళ్లల్లోకి చౌక బియ్యం వచ్చింది. విసుర్రాళ్ల పైభాగం నీళ్ల డ్రమ్ము మూత మీదికెక్కింది, కిందిభాగం బట్టలు ఉతికే బండ అయింది. రెండు వేలు దాటేసరికి కుండలు పది.

ఆ పదిలో ఒకటి మా మేనత్తది. మా నాయన చెల్లెలు, ఆ ఊళ్లోనే మెట్టింది. గరిటె పట్టే హక్కు వాళ్లింటిది. వాళ్లత్త ఆమె చేతికిచ్చింది. ఆమెకు ఒక్కటే భయం. తన చేతి కింద గంగాళం బోర్లించే రోజు రాకూడదు. ఆ పది కుండల ఏడు గరిటె కడుగుతూ నన్ను అడిగింది.

"నీ లెక్క ప్రకారం ఇంకెన్నేండ్లురా అల్లుడా?"

"రెండు కుండలు తగ్గితే చాలత్తా."

"నోట్లో మంచిమాట రాదు కదరా నీకు," అంది.

ఆ తర్వాతి ఏడే వ్యాను వచ్చింది.

బెంగళూరు నుంచి హార్సిలీ కొండకు వచ్చేవాళ్లను ఒకామె మా ఊరికి తీసుకురావడం మొదలుపెట్టింది. ముప్పై అయిదేళ్లుంటాయి, కళ్లజోడు, కన్నడం కలిసిన తెలుగు. వాళ్ల అవ్వది కలకడ వైపు అని చెప్పింది. పదిహేను రోజులకోసారి, ఆదివారం పొద్దున పదహారు మంది. వాళ్లు రావడం తినడానికి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి, మజ్జిగ. మా అత్త వరండాలో చాపల మీద కూర్చుని తినేవారు. తినేముందు ఒక్కొక్కరూ విసుర్రాయి దగ్గర కూర్చుని పిడికెడు రాగులు విసిరి ఫొటో తీయించుకునేవారు. వెళ్లేటప్పుడు తలా రెండు కేజీల రాగిపిండి సంచి కొనుక్కునేవారు.

సెలవని ఆదివారాలు కుప్పం నుంచి ఊరికి వచ్చే నాకు మొదటి రోజు నుంచే అనుమానం. ఊళ్లోవాళ్లే వదిలేసిన తిండి కోసం నూట ముప్పై కిలోమీటర్లు వచ్చేవాళ్లకు ఇంకేదో కావాలి అనుకున్నాను. స్థలాలేమో అనుకున్నాను. ఎవరైనా చేను గట్టు మీద నిలబడి చుట్టూ చూస్తే నేనూ వాళ్ల చూపు వెంట చూసేవాణ్ణి. ఒకాయన అలాగే చాలాసేపు చూసి, "బాత్‌రూమ్ ఎక్కడ సార్?" అని అడిగాడు.

మరో ఆదివారం కళ్లజోడామె మా అత్తను మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆ అంబలి పండగ ఆదివారం పెట్టుకుంటే మావాళ్లు కూడా చూస్తారు కదా?"

ఇదిగో, అసలు సంగతి బయటపడిందనుకున్నాను. మా అత్త పొయ్యి ఊదుతూనే జవాబు చెప్పింది.

"మా అమ్మోరు ఆదివారం ఊళ్లో ఉండదమ్మా. మంగళారమైతేనే ఇంట్లో ఉంటాది."

ఆమె నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేదు. ఈ ఏడు అడిగింది, రెండేళ్లకు ఒప్పిస్తుంది అనుకున్నాను. అయితే కుండలు పెరగడం మొదలైంది. వంట మా అత్త ఒక్కతే చేయలేక మరో ఏడు ఇళ్లతో వంతులు పెట్టుకుంది. నాలుగేళ్లలో ముసలివాళ్ల కుండలు నాలుగు తగ్గాయి, ఇద్దరు పోయారు, రెండిళ్లవాళ్లు బెంగళూరు వెళ్లారు. అయినా మొత్తం లెక్క పదమూడుకు వచ్చింది. వంతుల ఇళ్లు ఏడూ మళ్లీ కుండలు తెచ్చాయి. ఊరు సంతోషపడింది. నాకు మాత్రం ఆ ఏడుగురు ఆడవాళ్లు కట్టుకున్న కొత్త చీరలు కనిపించాయి. ఆ మంగళవారం సెలవు పెట్టుకుని కెమెరాలతో వచ్చిన అయిదుగురు కనిపించారు. ఇవి అమ్మవారికి తెచ్చిన కుండలా, కెమెరాకు తెచ్చినవా? తేల్చడానికి కొలత దొరకలేదు.

కొలత దొరికింది పిండి దగ్గర. ఒక ఆదివారం వ్యాను వెళ్లాక కూర్చుని లెక్క వేశాను. పదహారు మందికి రెండేసి ముద్దలు, ముప్పై రెండు. కేజీ పిండికి, కాస్త బియ్యం కలుపుతారు కాబట్టి, ఎనిమిది ముద్దలు. అంటే నాలుగు కేజీలు. సంచులకు ముప్పై రెండు కేజీలు. మొత్తం ముప్పై ఆరు. మా అమ్మ గంటకు కేజీన్నర విసిరేది. ఆ లెక్కన ఇరవై నాలుగు గంటలు. అరవై దాటిన మనిషి రోజుకు రెండు గంటల కంటే విసరలేదు. పన్నెండు రోజులు కావాలి. రోజూ తప్పకుండా కూర్చుంటే పదిహేను రోజుల్లో అవుతుంది, కాదనలేను. కానీ అంత పని చేసిన రాయి ఎలా ఉంటుందో నాకు తెలుసు. లేచి వెళ్లి పైరాయి ఎత్తి చూశాను. రాతికి కొట్టించిన గంట్లు పదునుగా ఉన్నాయి. వేలు పెడితే గీరుకుంది. నెలకు డెబ్బై కేజీలు విసిరిన రాయి అయితే ఏడాదిలో అరచేయిలా నున్నబడాలి.

మా అత్త వాకిట్లో నిలబడి చూస్తోంది.

"ఏమిరా, నా రాయిని కూడా కొలస్తాండావా?"

"అత్తా, వాళ్లకు పెట్టేది మిల్లు పిండి."

"ఆఁ. పుంగనూరు మిల్లుది. ఏం, బాగలేదా? నువ్వు కూడా రెండు ముద్దలు తింటివే."

"మరి వాళ్లు విసిరిందో?"

"అది కోళ్లకు. రాగులు సగం పగలవు, సగం పొట్టు. ఇంగెవురు తింటారు?" చేయి కడుక్కొని కొంగుకు తుడుచుకుంది. "వాళ్లు ఇసిరింది కోళ్లకు, మిల్లుది వాళ్లకు, నేను ఇసిరింది అమ్మోరికి. కలిసిపోకుండా మూడు డబ్బాల్లో పెట్టుకోనుండా. ఇంగేం కావల్ల నీకు?"

"వాళ్లకు చెప్పినావా?"

"వాళ్లు అడగల్యా. నేను చెప్పల్యా."

ఆ రోజు ఆ మాట నాకు సరిపోలేదు. రాతిలో పగులు దాచి కొలత చెప్పడంతో సమానం అనిపించింది. నేను పనిచేసినన్నాళ్లు అలాంటి కొలత ఒక్కటి చెప్పలేదు. ఆ గర్వం కొంత. ఈ బెంగళూరువాళ్లు మోసగాళ్లని నాలుగేళ్లు అనుకుంటూ వచ్చి, చివరికి మోసం మా ఇంట్లోనే కనబడిందన్న కోపం కొంత.

తర్వాతి వారం పని మీద మదనపల్లె వెళ్లాను. కొండకు పోయేముందు వ్యాను ఆపే టిఫిన్ హోటల్ నాకు తెలుసు. కళ్లజోడామె కాఫీ తాగుతోంది. ఎదురుగా కూర్చుని, ముప్పై ఆరు కేజీలు, ఇరవై నాలుగు గంటలు, గంట్ల పదును, అంతా చెప్పాను. చివర్లో, "మీరు మోసపోతున్నారు," అన్నాను.

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. "సంచుల మీద రాతిపిండి అని అచ్చు వేయించింది నేనే సార్. అమ్మ చెప్పలేదు. నేనే అనుకున్నాను."

"అడగాల్సింది."

"అవును సార్, అడగాల్సింది. ఇప్పుడు అందరికీ చెప్పాలి కదా."

అందరికీ చెప్పింది. ఆమె చెప్పదని, నా నోరు మెల్లగా మూయిస్తుందని ఎదురుచూశాను. అదీ జరగలేదు. సంచులు కొన్నవాళ్లకు ఉత్తరాలు, ఫోన్లు. కొందరు నవ్వేశారట, చాలామంది నవ్వలేదట. తర్వాతి నెల వ్యాను రాలేదు. ఆ పై నెలా రాలేదు. వంతుల ఇళ్లలో మూడు రాగి మడులు దున్ని మళ్లీ టమోటా నారు పోశాయి.

మా అత్తకు విషయం తెలిసింది. నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని రాగి కంకులు నలుపుతోంది. తలెత్తలేదు.

"నీ లెక్క సరే అల్లుడా. తప్పు లేదు. ఏడిండ్లోళ్లు గట్ల మీద రాగులు ఏసినారే, అది లెక్కలో ఏసినావా? ఇంట్లో రాగులుంటే కదా కుండ వచ్చేది."

"కెమెరా లేకున్నా వస్తే అప్పుడు నమ్ముతాను."

"నువ్వు నమ్మితే ఏమి, నమ్మకుంటే ఏమి? గీటు దాకా రావల్ల." కంకి పక్కన పెట్టింది. "తొమ్మిదని కొలిచింది నువ్వే. ఈ ఏడు ఎన్నొస్తాయో నువ్వే చెప్పు."

బస్సులో కుప్పం పోతూ లెక్క వేశాను. పాతవి అయిదు మిగిలాయి, చలికాలంలో ఒకామె పోయింది, నాలుగు. టమోటా వేసిన మూడిళ్లు తేవు. మిగిలిన నాలుగిళ్లు తెచ్చినా ఎనిమిది. మా అత్తది కలిపితే తొమ్మిది. అంచు మీద ఉంది లెక్క. ఆ నాలుగిళ్లలో ఒక్కటి తగ్గినా గంగాళం బోర్లుతుంది, దానికి కారణం నా నోరు. ఇన్నేళ్లూ అందరి కుండలూ లెక్క పెట్టినవాణ్ణి, ఇరవై మూడు ఇరవై రెండయిన ఏడు తగ్గింది మా ఇంటి కుండే అని ఒక్కసారీ పైకి అనుకోలేదు.

మా అమ్మ విసుర్రాయి ఊళ్లో మా పాత ఇంట్లో ఉంది. పైరాయి డ్రమ్ము మీద, కిందిరాయి కుళాయి కింద. క్వారీ లారీ అటు వచ్చినప్పుడు రెండూ ఎక్కించి కుప్పం తెచ్చాను. అది పూర్తిగా నున్నబడి ఉంది. మా క్వారీలో రాయి కొట్టే ఆయనది శాంతిపురం. గంట్లు కొట్టిపెట్టాడు. విషయం అడిగి తెలుసుకుని, వాళ్ల చేనివి మూడు కేజీల రాగులు కూడా తెచ్చి నా చేతిలో పోశాడు.

ఇంట్లో రాయి సర్దుతుంటే మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "కొలిచేది మీరు, ఇసిరేది నేనా?"

"నేనే విసురుతా."

"సూస్తాం లేప్పా."

రెండు కేజీలకు మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ పట్టింది. గంటకు ఏడు వందల గ్రాములు. అరచేతిలో రెండు పొక్కులు. మా ఆవిడ పిండి వేళ్ల మధ్య నలిపి చూసి, "కోళ్లకు సరిపోతాది," అంది. మళ్లీ జల్లించి, ముతక వేరు చేసి, మళ్లీ విసిరాను. గంటకు కేజీన్నర అని అంత తేలిగ్గా రాసుకున్న లెక్క మా అమ్మ చేతిది. ఆ రాయి ముందు నేను ఎప్పుడూ కూర్చోలేదు.

పండగకు ముందురోజు ఊరికి వెళ్లి పాత ఇంట్లో పొయ్యి వెలిగించాం. కాచిన అంబలి రాత్రి పులిసింది. మంగళవారం పొద్దున మా కుండతో మా ఆవిడను గుడికి పంపి, మా అత్త కుండ మోసుకుపోదామని వాళ్లింటికి వెళ్లాను. ఆమె కుడిచేయి ఒంటికి ఆనించి పట్టుకుని ఉంది. భుజం పట్టేసి రెండు నెలలయిందట, ఎవరికీ చెప్పలేదు. కుండ సిద్ధంగా ఉంది, మూతకు గుడ్డ కట్టి ఉంది. వరండా మూలలో విసుర్రాయి ఉంది. పిడికీ రాతికీ మధ్య సాలెగూడు అల్లుకుని ఉంది. ఒక్క రాత్రిలో అల్లింది కాదు, దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరిగింది. ఆ రాయి తిరిగి నెలలయింది.

నేను రాయిని చూడటం ఆమె చూసింది. కుండ ఎత్తుకున్నాను. గుడి దారి పట్టాం.

గుడి దగ్గర కెమెరాలు లేవు. కొత్త చీరలు రెండే. పాతవాళ్ల కుండలు నాలుగు వచ్చాయి. నాలుగూ పోశారు. వంతుల ఇళ్లవి ఒక్కొక్కటీ వచ్చాయి. ఒకటి, రెండు, చాలాసేపటికి మూడు. నాలుగో ఇంటామె ఎండలో పరుగున వచ్చి, "బోరు దగ్గర కరెంటు వచ్చింది, నీళ్లు కట్టి వస్తాండా" అని అందరికీ చెప్పుకుంటూ పోసింది. ఎనిమిది. అంబలి గీటుకు రెండు వేళ్ల కింద ఆగింది. గరిటె పట్టే ఇంటి కుండ చివర పోయడం ఆచారం. కాబట్టి తర్వాత నాది. కుండ వంచగానే కొంచెం గంగాళం అంచు మీద ఒలికింది. అంబలి లేచి గీటును దాటింది.

ఇక మా అత్త కుండ మిగిలింది. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది.

"ఎన్నిరా అల్లుడా?"

"తొమ్మిదత్తా. గీటు దాటింది."

"సరిగ్గా సూసినావా?"

"చూసినాను."

ఆమె కుండ మూత విప్పలేదు. కాలితో మెల్లగా పక్కకు జరిపి, కొయ్య గరిటె ఎడమచేత్తో అందుకుని గంగాళంలో ముంచింది. మొదటి గరిటె అమ్మవారికి, రెండోది నాలుగో ఇంటామెకు పోసింది. ఆమె చేను దగ్గరికి మళ్లీ పోవాలి. మా అత్త కుండ ఎందుకు పోయలేదని ఒకరిద్దరు అడిగారు. "నిండినాక ఇంగ యాల?" అంది.

మరుసటి ఏడు వ్యాను మళ్లీ వచ్చింది. తొమ్మిది మందే దిగారు. సంచుల మీద 'పుంగనూరు మిల్లు పిండి, ఊరి రాగులు' అని అచ్చు. తొమ్మిది మందిలో ఆరుగురు కొన్నారు. టమోటా వేసిన మూడిళ్లలో ఒకటి మళ్లీ రాగులు చల్లింది. వ్యాను వల్ల ఇళ్లల్లో రాగులు నిలబడ్డాయన్నది ఒప్పుకుంటాను. రాగులు నిలబడ్డ నాలుగిళ్ల కుండలు వ్యాను లేని ఏడు కూడా వచ్చాయి, అవి లేకుంటే అయిదే. ఒక్క ఏటి లెక్కతో అంతకంటే గట్టిగా ఏమీ చెప్పలేను. కళ్లజోడామె పండగ ఆదివారం పెట్టమని మళ్లీ అడుగుతుందేమోనని ఇప్పటికీ చెవి అటే పెట్టి ఉంచుతాను.

వ్యాను లేని ఆ ఏటి మంగళవారం సాయంత్రం గంగాళం కడిగి గుడిలో పెట్టాక, మా అత్త తన కుండను ఇంటికి తీసుకుపోయి కోళ్లకు పోసింది. వెనకాల నడుస్తూ చూశాను. ఎనిమిది దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ మూత విప్పేదా, విప్పేది కాదా? నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.